తనిఖీ రోజు పాఠం

భోజనాల దగ్గర మా అమ్మాయి ముందు వాళ్ల నాన్నని అడిగింది. "నాన్నా, మీ స్టేట్ ఫస్ట్ ఒకటే కదా, రెండెలా అయింది?"

మా ఆయనది భీమవరం. పెరుగన్నం కలుపుకుంటూ "విడగొట్టేశారమ్మా" అన్నాడు. ఎవరు, ఎందుకు అని అది గుచ్చి గుచ్చి అడిగితే నాలుగు ముక్కల్లో చెప్పాడు. అది తలూపి నా వైపు తిరిగింది. అదే ప్రశ్న, అవే మాటలతో నన్నూ అడిగింది. మాది నల్లగొండ. "విడగొట్టుడేంది? కొట్లాడి తెచ్చుకున్నం" అన్నాను.

పెళ్లయిన కొత్తలోనే మేమిద్దరం తెలివిగా పక్కన పెట్టేసిన విషయాలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఇది మొదటిది. ఆయన గిన్నె పక్కకి జరిపి, "తెచ్చుకున్నారు, బానే ఉంది. మరి మా హైదరాబాదు సంగతేంటి?" అన్నాడు. "మీ హైదరాబాదా?" అన్నాను. అక్కణ్ణించి మాట మీద మాట పెరిగింది. కాలేజీ రోజుల బంద్‌లు, వాయిదా పడ్డ పరీక్షలు, ఎవరి హాస్టల్ ముందు ఎవరు అరిచారు, అన్నీ టేబుల్ మీదికి వచ్చాయి. పిల్ల మాత్రం బ్యాడ్మింటన్ ఆట చూస్తున్నట్టు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. కాసేపటికి, "ఓకే. బోత్ నాట్ సేమ్" అని చెయ్యి కడుక్కోవడానికి లేచింది.

"ఎవరే నిన్నిట్ల అడగమన్నది?"

"ఆంటీ లా. అమ్మని వేరే, నాన్నని వేరే అడగమంది. నేను మర్చిపోయి ఒకేసారి అడిగేశా." మాట చివర ఆ 'లా' ఇక్కడి పిల్లల ఊతపదం.

నాకు అనుమానం ఆ రోజే మొదలైందని రాస్తే అది అబద్ధం. అంతకు ముందే ఉంది. ఆ రోజు దానికి ఒక ఆధారం దొరికింది.

ఆంటీ అంటే మా కారిడార్ చివరి ఫ్లాట్‌లో ఉండే ఆవిడ. ఒకప్పుడు సోవియట్‌లో భాగంగా ఉండి, తర్వాత విడిపోయిన దేశాల్లో ఒకదాని నుంచి వచ్చింది. ఏ దేశమో రాయను. మన పిల్లలు డాక్టరు చదువుకి వెళ్లే చలిదేశాల్లో ఒకటి అనుకుంటే చాలు. భర్త ఓడలు బాగుచేసే కంపెనీలో ఇంజనీరు. ఆవిడ అక్కడ హైస్కూలు పిల్లలకి చరిత్ర, పౌరశాస్త్రం చెప్పేది. మేమున్న ఈ దీవి దేశంలో, యీషున్ పేటలో, ఉద్యోగం లేకుండా ఇంట్లో ఉంటోంది.

నా ఆఫీసు పాయా లేబర్‌లో. మా అమ్మాయి మూడో తరగతి. బడి మధ్యాహ్నమే అయిపోతుంది. నేను ఇల్లు చేరేసరికి సాయంత్రం అవుతుంది. బడిలోనే, అమ్మానాన్నలు వచ్చేదాకా పిల్లల్ని చూసుకునే స్టూడెంట్ కేర్ ఉంది కానీ అందులో సీట్లు లేవు. పేరు ఇచ్చి ఎదురు చూస్తున్నాం. మొదట్లో పిల్ల తాళం తీసుకుని ఒక్కతే ఇంట్లోకి వెళ్లేది. నేను ఆఫీసులో నుంచి ఫోన్లో కెమెరా చూస్తూ కూర్చునేదాన్ని. ఒకరోజు తాళం చెవి బడిలో మర్చిపోయి తలుపు ముందు బ్యాగు మీద కూర్చుంటే, ఆవిడ చూసి లోపలికి తీసుకెళ్లి అన్నం పెట్టింది. ఆ మర్నాడూ వెళ్లింది. తర్వాత అదే అలవాటైంది. ఏమైనా ఇస్తామంటే ఆవిడ నవ్వేసింది. నేను దోసెలో, పులిహోరో పంపేదాన్ని.

ఊరికే ఎందుకు చూస్తుంది? ఇది నా మొదటి అనుమానం. రెండోది, మొదటిసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు చిన్న గిన్నెలో టీ సగమే పోసింది. త్వరగా తాగి వెళ్లమని కాబోలు అనుకుని రెండు గుక్కల్లో తాగి లేచాను. ఆవిడ మొహం చిన్నబోయింది. సగం పోయడం వాళ్ల మర్యాదట. మళ్లీ మళ్లీ పోస్తూ ఉండాలని, అతిథి ఎక్కువసేపు కూర్చోవాలని. ఇది నాకు తర్వాత ఎక్కడో చదివితే తెలిసింది. తెలిశాక కూడా, మరి నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టడం దేనికి అనిపించింది. నా బుద్ధి అలా పనిచేస్తుంది.

ఆ ఏడాదే మేము ఇక్కడ శాశ్వతంగా ఉండటానికి పీఆర్ కోసం అప్లై చేశాం. జవాబు రాలేదు. పీఆర్ వస్తుందో రాదో ఎలా నిర్ణయిస్తారో ఎవరికీ తెలియదు. తెలియని చోట నేను అన్నిటికీ భయపడతాను. మూడో తరగతి పిల్ల బడిలో ఏదో అంటే, అది ఎవరో ఎక్కడో రాసుకుంటారా? మా ఆయన దగ్గర ఈ మాటంటే, "వాళ్లకి వేరే పన్లేదా ఏంటి?" అని నవ్వాడు. కానీ ఆయన కూడా వాట్సాప్ గ్రూపుల్లో రాజకీయాల మెసేజ్‌లు ఫార్వర్డ్ చెయ్యడం ఆ ఏడాదే మానేశాడు. అది నేను గమనించాను.

ఇంకొకరి మాట కూడా విందామని, జురాంగ్ వెస్ట్‌లో ఉండే అక్కకి ఫోన్ చేశాను. మా వైపు మనిషి, ఇక్కడికి వచ్చి చాలా ఏళ్లయింది.

"రష్యా ఆమె దగ్గర ఇడిశినవా పిల్లను?" అంది.

"రష్యా కాదక్కా."

"అన్నీ ఒకటేలే. పైసలు తీసుకోదంటవ్. పని చెయ్యదంటవ్. ఉత్తగ ఎవరు చూస్తరే మంది పిల్లల్ని? మా సొంత అత్తనే చూడకపాయె!"

"మంచిదే అక్కా. కానీ హిస్టరీ టీచరట."

"అగో! అదే లెక్కల టీచరయితే ఆరో తరగతి పెద్ద పరీక్షకన్న పనికొచ్చు. హిస్టరీ ఏం జేసుకుంటది నీ బిడ్డ? జర పైలం."

ఆ 'పైలం' నన్ను వదల్లేదు. అప్పట్నుంచి రోజూ సాయంత్రం పిల్లని ప్రశ్నలతో పట్టుకునేదాన్ని. ఆంటీ ఏం చెప్పింది, ఏం అడిగింది, ఇంటికి ఎవరైనా వచ్చారా, ఫోన్లో ఏ భాషలో మాట్లాడింది. పిల్ల కొన్ని చెప్పేది, కొన్నిటికి భుజాలు ఎగరేసేది.

ఒకరోజు ఇది చెప్పింది. వాళ్ల దేశంలో గుర్రం మీద తిరిగే మనిషి ఒకడు ఉండేవాడట. ఆంటీ వాళ్లమ్మ చదివిన పుస్తకంలో అతను దొంగ. ఆంటీ చిన్నప్పుడు చదివిన పుస్తకంలో అతను అసలు లేడు. ఆంటీ టీచరయ్యాక వచ్చిన పుస్తకంలో అతను వీరుడు. "అప్పుడు ఒక స్టూడెంట్ అడిగాడంట, టీచర్, ఆయన ఎప్పుడు మారాడు అని!" పిల్ల సోఫా మీద పడి నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. "ఇదంత బడిల చెప్పినవా?"

"వై? మా బుక్‌లో హార్స్ లేదు కదా."

ఇంకో రోజు ఇంకోటి. పాత దేశం పోయి కొత్త దేశం వచ్చినప్పుడు ఆంటీ బడిలో చిన్న పిల్ల. పాత చరిత్ర పుస్తకాలు మూసెయ్యమన్నారట. కొత్తవి అచ్చు కాలేదు. ఆ ఏడాదంతా టీచరు న్యూస్‌పేపర్ చూసి డిక్టేషన్ చెప్పిందట. ఆంటీ పెద్దయ్యాక పిల్లలకి పౌరుల హక్కులు చెబుతూ ఉంటే, మధ్యలో హెడ్మాస్టర్ వచ్చి, ఎవరో పెద్దమనిషి కారు వెళ్తోంది, క్లాసు ఆపి రోడ్డు పక్కన జెండాలు ఊపడానికి తీసుకెళ్లమన్నాడట. పిల్లలు హక్కుల పాఠం సగంలో ఆపేసి జెండాలు ఊపి వచ్చారట. "తర్వాత మిగతా సగం చెప్పిందా?" అని నేను నోరు జారి అడిగాను. "టైం అయిపోయిందంట" అంది.

ఇలాంటివి తొమ్మిదేళ్ల పిల్లకి ఎందుకు చెప్పాలి? చెప్పడానికి వేరే కథలు లేవా? ఎలుకలు, ఏనుగులు, రాజకుమార్తెలు, ఎన్ని లేవు? ఆవిడకి తన దేశం మీద ఏదో కోపం ఉంది, అది తీర్చుకోవడానికి నా పిల్ల దొరికింది అనుకున్నాను. అయినా మర్నాడు మళ్లీ పంపాను. మాన్పిస్తే నేను ఉద్యోగం మానాలి, లేదా పిల్లని మళ్లీ కెమెరాకి వదలాలి.

అప్పుడు బడిలో పాఠం చూసే రోజు వచ్చింది. తల్లిదండ్రులు వచ్చి క్లాసు వెనక కూర్చుని పాఠం చూడొచ్చని పిలిచారు. నేను సెలవు పెట్టి వెళ్లాను. సోషల్ స్టడీస్ పాఠం. టీచరు నాకన్నా చిన్నది, చలాకీ అమ్మాయి. పూర్వం ఈ దీవికి పడవల్లో వచ్చినవాళ్లు ఏయే పనులు చేసేవాళ్లో చెబుతోంది. గోడల మీద పిల్లల బొమ్మలు కొత్తగా అంటించినట్టున్నాయి.

టీచరు ప్రశ్న అడిగింది. క్లాసులో అన్ని చేతులూ లేచాయి. నా పక్కన ఉన్న తల్లి మెచ్చుకోలుగా "వా" అంది. మా అమ్మాయి చెయ్యీ లేచింది, కానీ ఎడమ చెయ్యి. నాకు సిగ్గేసింది. అన్నం తినడం రాని వయసు నుంచి కుడి చెయ్యి, కుడి చెయ్యి అని చెప్పి పెంచాను. పెద్దవాళ్లకి పుస్తకం ఇచ్చినా, ప్రసాదం తీసుకున్నా కుడి చెయ్యే. ఇంతమంది ముందు ఎడమ చెయ్యి ఎత్తి ఊపుతుందేమిటి? చూస్తే దాని చుట్టూ ఉన్న ఇద్దరు ముగ్గురు పిల్లలవి కూడా ఎడమ చేతులే.

టీచరు మా అమ్మాయి పేరు పిలిచింది. అది కంగారుపడి లేచింది.

"ఐ డోంట్ నో, టీచర్."

"మరి చెయ్యి ఎందుకెత్తావ్?" టీచరు నవ్వుతూనే అడిగింది.

"బికాజ్ విజిటర్స్ వచ్చారు. విజిటర్స్ వస్తే అందరూ ఎత్తాలి. తెలిస్తే రైట్, తెలీకపోతే లెఫ్ట్. టీచర్, యూ మస్ట్ కాల్ రైట్ హ్యాండ్ ఓన్లీ, లా."

వెనక కూర్చున్నవాళ్లలో ఒక తండ్రి గట్టిగా నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు. ఎవరు నేర్పారని టీచరు అడిగింది. "మై ఆంటీ. షి వాజ్ అ టీచర్ బిఫోర్" అంది మా అమ్మాయి గర్వంగా. టీచరు తలెత్తి వెనక వరుసలో నన్ను వెతికి చూసి, ఒక నవ్వు నవ్వింది. ఆ నవ్వుకి అర్థం ఏమిటా అని నేను చాలా రోజులు ఆలోచించాను. పాఠం అయ్యాక నా దగ్గరికి వచ్చి, మీ అమ్మాయి బాగా గమనిస్తుంది అంది. బాగా గమనిస్తుంది అన్నది పొగడ్తా, హెచ్చరికా? ఇంటికి వస్తున్నంతసేపూ అదే ఆలోచన.

ఆ సాయంత్రమే కారిడార్ చివరి ఆవిడ తలుపు కొట్టాను. పిండి ఒత్తుతోంది. మోచేతులదాకా పిండి. నేను కూర్చోకుండానే జరిగిందంతా ఇంగ్లీషులో గబగబా చెప్పాను. ఆవిడ మొదట నవ్వింది. కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది. తర్వాత నా మొహం చూసి ఆగింది.

"నేను చెయ్యమని చెప్పలేదు. మేము అలా చేసేవాళ్లం అని చెప్పాను" అంది.

వాళ్ల బడుల్లో దాన్ని ఓపెన్ లెసన్ అంటారట. పైనుంచి తనిఖీకి అధికారులు, పక్క బడుల టీచర్లు వచ్చి వెనక కూర్చుంటారు. ఆ ఒక్క పాఠాన్ని ముందు వారమంతా క్లాసు మొత్తం సాధన చేస్తుంది. ఎవరు ఏ జవాబు చెప్పాలో, ఎవరు బోర్డు దగ్గరికి రావాలో అన్నీ ముందే అనుకుంటారు. అడిగిన ప్రతిసారీ అన్ని చేతులూ లేవాలి, జవాబు తెలిసినవాడు కుడి చెయ్యి, తెలియనివాడు ఎడమ చెయ్యి. టీచరు కుడి చేతుల్నే పిలుస్తుంది. వెనక కూర్చున్నవాళ్లకి ఈ సంగతి తెలియదా అని అడిగాను. "ఎందుకు తెలియదు? వాళ్లూ టీచర్లే కదా. వాళ్లూ అదే చేసి వచ్చారు" అంది. పాత దేశంలో తను విద్యార్థిగా ఇలా చెయ్యెత్తింది. కొత్త దేశంలో స్వేచ్ఛ గురించి, పౌరుడి బాధ్యత గురించి పాఠం చెబుతూ పిల్లల చేత ఇలాగే ఎత్తించింది. పుస్తకాలు మారాయి, పటాలు మారాయి, వెనక కూర్చునే పద్ధతి మారలేదు అంది.

"మీరు మరి ఎందుకు మానేశారు?" అని అడిగాను. ఇది నేను చాలా కాలంగా అడగాలనుకుంటున్న ప్రశ్న. పిల్లతో మాత్రం, అంకుల్‌కి ఇక్కడ ఉద్యోగం వచ్చిందని చెప్పింది.

ఆవిడ పిండి మీద తడిబట్ట కప్పి కూర్చుంది. ఒకసారి పిల్లలకి ఇంటిపని ఇచ్చిందట. దేశం విడిపోయిన ఏడాది మీ ఇంట్లో ఏం జరిగిందో ఇద్దరు పెద్దవాళ్లని విడివిడిగా అడిగి రండి అని. ఒక అమ్మాయి తాతని, నానమ్మని అడిగింది. తాత ఆ రోజు సంతోషంతో వీధిలోకి పరిగెత్తానన్నాడు. నానమ్మ ఆ రోజు నుంచే మన బతుకు పాడైందంది. ఇద్దరూ కొట్లాడుకుని మాటలు మానేశారు. ఆ పిల్ల తల్లి హెడ్మాస్టర్ దగ్గరికి వచ్చింది. ఈ టీచరు మా ఇంట్లో చిచ్చు పెడుతోందని, రేపు మా పిల్ల బయట ఏం మాట్లాడుతుందో అని. ఆ తల్లికి సర్కారు ఆఫీసులో ఉద్యోగం. ఆ తర్వాత ఈవిడకి చరిత్ర తీసేసి చిన్న తరగతుల డ్రాయింగ్ ఇచ్చారు. కొంతకాలం పిల్లల చేత పూలు, గిన్నెలు గీయించింది. ఈలోపు భర్తకి ఇక్కడ ఉద్యోగం వచ్చింది.

"ఆమె చెడ్డది కాదు. భయం, అంతే. వయసు మీ అంతే ఉంటుంది" అంది.

కథ నా కొలతలు తీసుకుని కుట్టినట్టు సరిగ్గా సరిపోయింది. అంత సరిపోయేవాటిని నేను నమ్మలేను. ఆ తల్లి నిజంగా ఉందా, లేక నేను తలుపు కొట్టాక పుట్టిందా? నిజంగా ఉంటే మాత్రం, ఒకసారి అంత దెబ్బ తిన్న మనిషి మళ్లీ నా పిల్లకి అదే ఇంటిపని ఎందుకు ఇచ్చింది?

ఆ ప్రశ్న పైకే అడిగాను. ఆవిడ గోళ్లలో పిండి తీసుకుంటూ, "నాకు వచ్చిన పని అదొక్కటే" అంది. తర్వాత, "ఇక ఇవ్వను" అంది.

ఇంటికొచ్చాక నాకు మా బడి గుర్తొచ్చింది. డీఈవో వస్తున్నాడంటే ముందు రోజు బడంతా సున్నం, ముగ్గులు. చదువు రానివాళ్లని రేపు రావొద్దని మా సారే చెప్పేవారు. నేను ముందు బెంచీ. నన్ను అడగబోయే ప్రశ్న నాకు ముందే చెప్పేవారు. చరిత్ర అంటే మాకు పుస్తకంలో పెన్సిల్‌తో టిక్కులు పెట్టిన పేరాలు. టిక్కు లేని పేరాలో ఏముందో ఇప్పటికీ నాకు తెలియదు. కాబట్టి ఆవిడ చెప్పిన విద్య నాకు కొత్తది కాదు. నాకు ఒంటబట్టిన విద్యే. అందుకే ఇంకా భయమేసింది. నేను ఆ రోజుల్లో డీఈవో ముందు ఎంత నిజాయితీగా మొహం పెట్టేదాన్నో నాకు తెలుసు.

మర్నాడు ఆవిడతో, ఒక మధ్యాహ్నం నేనూ వచ్చి మీతో కూర్చుంటాను, మీరిద్దరూ రోజూ ఏం చేస్తారో చూస్తాను అన్నాను. ఆవిడ "తప్పకుండా రండి. ఏ రోజో ముందు చెప్పండి" అంది.

చెప్పాను. శుక్రవారం సెలవు పెట్టి వెళ్లాను.

టేబుల్ మీద గుడ్డ పరిచి ఉంది. పిల్ల జడ విడిపోకుండా నీటుగా కూర్చుంది. ఆవిడ పిల్ల బడి పుస్తకమే తెరిచి, పడవల్లో వచ్చినవాళ్ల పాఠమే చెప్పింది. గుర్రం లేదు, దొంగ లేడు, జెండాలు లేవు. ఎంత బాగా చెప్పిందంటే, నేను నా ఫోన్ సంగతి కూడా మర్చిపోయాను. నదిలో పడవల నుంచి బస్తాలు దించే కూలీల గురించి చెబుతూ, ఆ బస్తా బరువు తెలియడానికి బియ్యం బస్తా ఒక మూల ఎత్తి చూడమంది. పిల్ల ఎత్తలేక రొప్పింది. మధ్యలో ఒక ప్రశ్నకి పిల్ల తప్పు చెప్పింది. ఆవిడ తప్పు అనకుండా, ఇంకోసారి బొమ్మ చూడు అంది. పిల్ల చూసి, నుదురు ముడిచి, దిద్దుకుని చెప్పింది. అక్కడ నా మనసు కుదుట పడింది. అప్పటిదాకా అంతా మరీ నున్నగా ఉందనిపించింది. ఆ తప్పుతో నమ్మకం వచ్చింది. ఇది నిజం పాఠమే అనుకున్నాను. ఇన్నాళ్లూ అనవసరంగా కుమిలిపోయానని కూడా అనుకున్నాను.

బయటికి వచ్చాం. మా తలుపు దగ్గర తాళం తీస్తుంటే పిల్ల నా చున్నీ పట్టుకుని లాగింది.

"అమ్మా, నా మిస్టేక్ బాగా చేశానా?"

"ఏం మిస్టేక్?"

"దట్ వన్ లా. చూడ్డానికి ఎవరైనా వచ్చినప్పుడు ఒక మిస్టేక్ ఉండాలి. లేకపోతే వాళ్లు నమ్మరు. మిస్టేక్ బెస్ట్ స్టూడెంటే చెయ్యాలి, హార్డ్ పార్ట్ అది. నిన్నంతా ప్రాక్టీస్ చేశాం."

నేను తాళం చెవిని అలాగే వదిలేసి వెనక్కి నడిచాను. ఆవిడ తలుపు ఇంకా వెయ్యలేదు, గుడ్డ మడత పెడుతోంది. నన్ను చూడగానే ఆవిడకి అర్థమైంది.

"మీరు నన్ను మోసం చేశారు" అన్నాను.

"మీరు చూడ్డానికి వస్తానన్నారు" అంది ఆవిడ. "చూడ్డానికి వచ్చేవాళ్ల ముందు ఎలా ఉండాలో నాకు ఒక్కటే తెలుసు. చిన్నప్పట్నుంచీ అంతే. మీరు ఊరికే వచ్చి కూర్చుని ఉంటే మేము క్యారెట్లు తరుగుతూ ఉండేవాళ్లం."

"మామూలు రోజుల్లో మీరేం చేస్తారో మరి నాకెలా తెలుస్తుంది?"

ఆవిడ గుడ్డ మడత పెట్టడం ఆపింది. "తెలియదు" అంది.

ఆ జవాబు నిజంగా అప్పుడే వచ్చిందో, అదీ ముందే అనుకుని పెట్టుకున్నదో నేను ఇవాళ్టికీ చెప్పలేను. ఇంట్లో పిల్లని మెల్లగా అడిగాను, రోజూ ఏం చేస్తారమ్మా అని. అన్నం తింటారట. ఈమె హోంవర్క్ చేసుకుంటే ఆవిడ వంట చేస్తుందట. కథ చెప్తుందట. కథ మధ్యలో ఆపి, "ఇది నాకు మా అమ్మ చెప్పింది, నిజమో కాదో నేను చూడలేదు" అంటుందట. ఒక్కోసారి వాళ్ల ఊరి ఫొటోలు చూస్తూ ఏడుస్తుందట. "నేను నీళ్లిస్తా" అంది. ఏడవడం సంగతి నాకు ఇంతకు ముందు ఎందుకు చెప్పలేదే అంటే, "నువ్వు అడిగినవాటిలో అది లేదు" అంది.

తర్వాతి వారం బడి నుంచి కబురు వచ్చింది. స్టూడెంట్ కేర్‌లో సీటు ఖాళీ అయింది, కావాలో వద్దో శుక్రవారంలోగా చెప్పాలి. ఇన్నాళ్లూ ఎదురు చూసింది దీనికే. మా ఆయన, "అమ్మయ్య, నీ అనుమానాల గోల వదిలింది. చేర్చెయ్" అన్నాడు. జురాంగ్ వెస్ట్ అక్క, "దేవుడే ఇచ్చిండు" అంది. పిల్ల నీళ్ల సీసా తీసుకుని గదిలోకి వెళ్లిపోయింది. ఎందుకు వెళ్లిందో ఆలోచించకూడదని చాలా గట్టిగా అనుకున్నాను.

చేర్చే ముందు వచ్చి చూసుకోవచ్చన్నారు. ఫలానా రోజు, ఫలానా సమయానికి వస్తానని చెప్పి వెళ్లాను. నేలంతా తళతళలాడుతోంది. బల్లల మీద పుస్తకాలు అంచులు కలిపి పేర్చి ఉన్నాయి. పిల్లలంతా వరసల్లో కూర్చుని ఒక్కసారి తలలు ఎత్తి, "గుడ్ ఆఫ్టర్‌నూన్, ఆంటీ" అన్నారు. మళ్లీ ఒక్కసారి తలలు దించుకుని చదువుకున్నారు. ఎవరూ కాళ్లు ఊపడం లేదు. ఎవరి రబ్బరూ కింద పడలేదు. నన్ను తిప్పి చూపిస్తున్న మేడమ్, మా పిల్లలు ఎప్పుడూ ఇలాగే ఉంటారండీ అంది. ఒక పిల్లవాడు లెక్క తప్పు చేసి, పక్కనున్న టీచరు వేలు పెట్టి చూపించగానే చక్కగా దిద్దుకున్నాడు. నేను వాడి వైపే చూస్తూ నిలబడిపోయాను. మేడమ్ మూడోసారి పిలిస్తే గానీ కదల్లేదు.

కింద బస్ స్టాప్‌లో చాలాసేపు కూర్చున్నాను. ఈ మేడమ్ అబద్ధం చెప్పి ఉండదు. కానీ ఇక్కడ నాకు ఏం చూపిస్తున్నారో, దాని వెనక ఏముందో చెప్పేవాళ్లు ఒక్కరూ లేరు. ఇక్కడికి పంపినా నా పిల్ల సాయంత్రం ఇంటికొచ్చి నేను అడిగినవాటికే జవాబు చెప్తుంది. కారిడార్ చివర ఉన్న ఆవిడని నేను నమ్మను. ఆవిడ కథలన్నీ నిజమనుకోను. పీఆర్ జవాబు ఇంకా రాలేదు, ఆ భయమూ అలాగే ఉంది. కానీ తనది తయారుచేసిన పాఠమని నాతో మొహం మీద ఒప్పుకున్నది ఆవిడ ఒక్కతే. మా ఇంటి తలుపు తియ్యకముందే ఆ సంగతి నాకు చెప్పేసింది కూడా ఆవిడ దగ్గర చదువుకున్న పిల్లే.

పిల్ల పడుకుంది. ఇప్పుడు కూర్చుని ఇదంతా రాస్తున్నాను. సీటు వద్దని సాయంత్రమే బడికి మెయిల్ పెట్టేశాను. రేపూ ఆవిడ దగ్గరికే వెళ్తుంది. ఎందుకు వద్దన్నావని మా ఆయన అడిగితే ఇదంతా చెప్పే ఓపిక లేక, అక్కడ ఫ్యాన్లు సరిగ్గా తిరగట్లేదు, పిల్లకి ఉక్కపోస్తుంది అన్నాను. ఆయన నమ్మాడు.